‘చాలు’ అనడం తెలియని కణాలు

గుండెపోటు మాట వస్తే మనందరి నోటా వచ్చేది ఒకటే మాట: బ్లాక్. "మామయ్యకు మూడు బ్లాకులున్నాయంట, స్టెంట్ వేశారంట" అనుకుంటాం. ఆ మాట వెంటే మనసులో ఒక బొమ్మ కూడా వస్తుంది. వంటింటి సింకు కింద పైపు, లోపల పేరుకున్న జిడ్డు. నూనె ఎక్కువ తిన్నాం, అది రక్తంలో కలిసింది, పోయి పోయి గుండె దగ్గర అడ్డం పడింది, అంతే.

ఈ బొమ్మలో ఉన్నది సగం నిజమే. రెండో సగంలో ప్రాణమున్న కణాలున్నాయి. అవి బయటినుంచి వచ్చినవి కావు. సూక్ష్మక్రిముల నుంచి మనల్ని కాపాడడానికి ఒళ్ళంతా గస్తీ తిరిగే మన రోగనిరోధక కణాలే అవి. కాపాడడానికి వచ్చినవాళ్ళే రక్తనాళాన్ని ఎలా పాడుచేస్తారు అన్నదే ఈ వ్యాసం.

నేను చదివేది బి.ఏ. సైన్సు పదో తరగతితో సరి. అయినా ఈ విషయం వెతికి చదవడానికి మా ఇంట్లో ఒక కారణం ఉంది, అది మధ్యలో చెప్తాను. ముందు పేరు సంగతి చూద్దాం. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడపత్రిక కదా, మాటలతో మొదలుపెట్టే హక్కు మనకుంది.

జావ, గట్టిదనం

ధమనులు గట్టిపడే జబ్బును డాక్టర్లు అథెరోస్క్లెరోసిస్ అంటారు. 1904లో మార్షాండ్ అనే జర్మన్ వైద్యుడు ఈ మాట కట్టాడు. గ్రీకులో ‘అథెరె’ అంటే జావ, ‘స్క్లెరోసిస్’ అంటే గట్టిపడడం. జబ్బుపడిన ధమనిని కోసి చూస్తే బయట గట్టిగా, లోపల జావలాగా ఉంటుంది. అందుకే ఆ పేరు. మన సీమలో పుట్టి ఉంటే అంబలి అనేవాడేమో!

అయితే ఆ జావ ఎలా తయారవుతుంది? దీనిమీద రెండు వాదాలు చాలాకాలం విడివిడిగా నడిచాయి. 1850లలోనే జర్మనీలో రుడాల్ఫ్ విర్‌హోవ్, ఇది ధమని గోడకు వచ్చిన ఒక రకమైన వాపు అన్నాడు. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి, వాటి ధమనుల్లో అచ్చం ఇలాంటి మచ్చలే తెప్పించాడు. ఒకరు వాపు అన్నారు, ఇంకొకరు కొవ్వు అన్నారు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు కొవ్వు వాదమే పైచేయిగా ఉండింది. 1999లో రస్సెల్ రాస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, అథెరోస్క్లెరోసిస్ వాపు జబ్బే అని ఒక పెద్ద వైద్యపత్రికలో రాశాక, రెండూ ఒకే కథలో రెండు భాగాలని ఎక్కువమంది ఒప్పుకున్నారు.

గోడ లోపల ఏం జరుగుతుంది

ధమని ఉత్త పైపు కాదు. అది మూడు పొరల సజీవమైన గోడ. రక్తం తగిలే వైపు ఒకే ఒక కణం మందంతో సన్నని లోపొర ఉంటుంది. ఆ పొర నున్నగా ఉన్నంతకాలం తెల్ల రక్తకణాలు దానికి అంటుకోకుండా జారిపోతాయి.

కొలెస్టరాల్ రక్తంలో ఒంటరిగా తిరగదు. ఎల్‌.డి.ఎల్ అనే చిన్న మూటల్లో ప్రయాణం చేస్తుంది. ఈ మూటలు ఎక్కువైతే కొన్ని లోపొర దాటి గోడలోకి దూరి అక్కడ చిక్కుకుంటాయి. ముఖ్యంగా ధమని కొమ్మలుగా చీలే చోట, రక్తం సాఫీగా పారకుండా సుడి తిరిగే చోట. చిక్కుకున్న మూట అక్కడే పాడవుతుంది, నూనె నిలవుండి ముక్కవాసన కొట్టినట్టు. శాస్త్రంలో దీన్ని ఆక్సీకరణం అంటారు.

పాడైన కొవ్వును శరీరం తనదిగా గుర్తుపట్టదు. ఏదో ప్రమాదం వచ్చిందనుకుంటుంది. లోపొర కణాలు తమ పైభాగంలో జిగురులాంటి అణువుల్ని బయటపెడతాయి. దారిన పోయే మోనోసైట్లు అనే తెల్లకణాలు వాటికి అంటుకుని, గోడలోకి దూరి, అక్కడ మాక్రోఫేజ్‌లుగా మారతాయి. మాక్రోఫేజ్ అంటే పెద్ద తిండిపోతు అని అర్థం. తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో భక్షక కణం. తినే కణాల సంగతి మొదట కనిపెట్టినవాడు ఎలీ మెచ్నికాఫ్. 1882లో ఇటలీలో సముద్రపు నక్షత్రచేపల పిల్లల్ని ముల్లుతో గుచ్చి, ముల్లు చుట్టూ కణాలు మూగడం మైక్రోస్కోప్‌లో చూశాడు. 1908లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒంట్లోకి వచ్చిన ముల్లునో, క్రిమినో చుట్టుముట్టి తినేయడం ఈ కణాల పని. ఆ పని అవి బాగా చేస్తాయి కాబట్టే మనం బతికున్నాం.

పంక్తి భోజనం

ఇక్కడినుంచి మన పంక్తి భోజనం గుర్తుతెచ్చుకోండి. వడ్డించేవాళ్ళు వస్తూనే ఉంటారు. కడుపు నిండాక మనం ఏం చేస్తాం? ఆకు మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలు చాలు" అంటాం.

మామూలు కణాలకు అలాంటి చెయ్యి ఉంది. కొలెస్టరాల్ లోపలికి తీసుకునే వాకిలిని, అవసరం తీరాక అవి తగ్గించుకుంటాయి. ఈ వాకిలి పని విప్పిచెప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ వచ్చింది. కానీ మాక్రోఫేజ్ పాడైన కొవ్వును తీసుకునే వాకిలి వేరు. అది చెత్త ఊడ్చే వాకిలి. లోపల ఎంత నిండినా మూతపడదు. కాబట్టి ఆ కణం తింటూనే ఉంటుంది. ఒళ్ళంతా కొవ్వు బుడగలతో నిండి మైక్రోస్కోప్‌లో నురగలాగా కనిపిస్తుంది. దానికి పేరే నురగ కణం. ఇలాంటివి గుంపుగా చేరితే ధమని లోపల పసుపుపచ్చని చారలు కనిపిస్తాయి. జబ్బుకు అదే మొదటి గుర్తు.

తిని తిని ఆ కణాలు చచ్చిపోతాయి. పంక్తి లేచాక ఎంగిలాకులు ఎత్తేవాళ్ళుంటారు కదా, ఒంట్లోనూ చచ్చిన కణాల్ని ఎత్తేసే కణాలుంటాయి. అవీ మాక్రోఫేజ్‌లే. కానీ ఎత్తాల్సినవాళ్ళే తిని కూలబడితే? ఆకులు ఎక్కడివక్కడే కుళ్ళుతాయి. చచ్చిన కణాలు పగిలి, వాటిలోని కొవ్వు అంతా మధ్యలో చేరుతుంది. మార్షాండ్ చెప్పిన జావ అదే. ఆ చావుల మధ్య సున్నం రేణువులు కూడా పేరుకుంటాయి. గట్టిదనం చాలావరకు వాటినుంచి వస్తుంది.

చచ్చేలోపు మాక్రోఫేజ్‌లు ఊరికే ఉండవు. రసాయనాలతో ఇంకా కణాల్ని పిలుస్తాయి. వచ్చేవాటిలో టి కణాలు ముఖ్యమైనవి. వీటిలో రెండు స్వభావాలున్నాయి. ఒక రకం గొడవను ఎగదోస్తుంది. ఇంకో రకం సర్దిచెప్తుంది. వాటిని రెగ్యులేటరీ టి కణాలు అంటారు. 2025 వైద్యశాస్త్ర నోబెల్ ఈ సర్దిచెప్పే కణాల పరిశోధనకే ఇచ్చారు. ధమని గోడలో ఎగదోసేవాళ్ళది పైచేయి అయితే జబ్బు ముదురుతుంది.

మూత చిరిగిన రోజు

ఈ జావ రక్తంలో కలవకుండా శరీరం దానిమీద ఒక మూత కడుతుంది. గోడలోని కండర కణాలు కొల్లాజెన్ అనే నారతో దాన్ని నేస్తాయి. మూత మందంగా ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియకపోవచ్చు.

ఎగదోసే టి కణాలు పంపే రసాయనాలు ఆ నేతపని ఆపిస్తాయి. మాక్రోఫేజ్‌లు విడిచే ఎంజైములు ఉన్న నారను కొరుకుతాయి. మూత పలచబడి ఒక రోజు చిరుగుతుంది. లోపలి జావ రక్తానికి తగలగానే, గాయం తగిలిందనుకుని రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ గుండె ధమనిని మూసేస్తే గుండెపోటు. మెదడుకు వెళ్ళే ధమనిని మూసేస్తే పక్షవాతం.

పైపు బొమ్మ సరిపోదు అనడానికి కారణం ఇదే. పైపు అయితే కొంచెం కొంచెంగా పూడి చివరికి మూసుకుపోవాలి. కానీ చాలా గుండెపోట్లు సగం కూడా మూయని చోట, మూత చిరగడం వల్ల వస్తాయి. నిన్నటిదాకా బాగా నడిచిన మనిషి ఇవాళ కూలిపోవడానికి ఇదొక కారణం.

ముసలివాళ్ళ జబ్బు కాదు

1953లో అమెరికన్ డాక్టర్లు కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెల్ని పరీక్షించారు. వాళ్ళ సగటు వయసు 22. అందులో 77 శాతం మందికి గుండె ధమనుల్లో జబ్బు గుర్తులు కంటికి కనిపించాయి. అంటే మన వయసుకే ఆ చారలు మొదలై ఉండొచ్చు.

మనవాళ్ళ విషయంలో ఇంకొంచెం తొందర. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అనే 52 దేశాల అధ్యయనంలో, దక్షిణాసియావాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాలవాళ్ళకు దాదాపు 59. మన బెంగళూరులో జయదేవ సంస్థ డాక్టర్లు చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్ళ వివరాలు ప్రత్యేకంగా నమోదుచేసి అధ్యయనం చేశారు. 2021 అక్టోబర్ 29న నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయినప్పుడు, ఈ ఊళ్ళో గుండె పరీక్షలకు జనం ఎలా వరసకట్టారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అమ్మమ్మ ఆదివారం మాత్ర

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాన్నది కన్నడ, అమ్మది తెలుగు. అమ్మమ్మది హిందూపురం పక్క. ఆమెకు చాలా ఏళ్ళుగా కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఇది అరుగుదల వల్ల వచ్చే మోకాలినొప్పి కాదు. సొంత రోగనిరోధక కణాలే కీళ్ళమీద దాడిచేసే జబ్బు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండుమూడింతలు ఎక్కువ.

పోయినేడు అమ్మమ్మ రిపోర్టులో కొలెస్టరాల్ మరీ ఎక్కువేం లేదు. అయినా డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించమన్నారు. ఎందుకని అడిగితే కన్నడలో ఒక మాట చెప్పారు: ఉరియూత. ఇన్‌ఫ్లమేషన్‌కు కన్నడంలో వాడే మాట అది. ఉరి అంటే మంట, ఊత అంటే వాపు. అమ్మమ్మ చెవిన మాత్రం మొదటి రెండక్షరాలే పడ్డాయి. "ఉరి ఏంది పాపా, అట్ల అంటాది ఆయమ్మ?" అని భయపడింది. నేను తెలుగులో చెప్పబోతే ఒక్క మాట దొరకలేదు. మంట అంటే మంటే, వాపు అంటే వాపే. పుస్తకాల్లో శోథ అని ఉంది కానీ అది అమ్మమ్మకు ఉరికంటే కొత్త. చివరికి, "నీ కీళ్ళలో రగిలేదే రక్తనాళాల్లో కూడా రగలొచ్చంట" అని చెప్పాను. కాసేపు చేతులు చూసుకుని, "నా ఒళ్ళే నామీదికి కొట్లాటకొస్తే నేనెవురికి చెప్పుకునేది?" అంది.

నేను చదవడం మొదలుపెట్టింది ఆ మాట విన్నాకే. డాక్టరమ్మ చెప్పింది నిజమే. కీళ్ళవాతం ఉన్నవాళ్ళ గుండె ప్రమాదాన్ని లెక్కకట్టేటప్పుడు, వచ్చిన అంకెను ఒకటిన్నరతో హెచ్చించమని యూరప్ వైద్య సూచనలున్నాయి. లూపస్ అని ఇంకో జబ్బుంది. అది వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. 1997లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, లూపస్ ఉన్న 35 నుంచి 44 ఏళ్ళ ఆడవాళ్ళకు గుండెపోటు, అదే వయసు మామూలు ఆడవాళ్ళకంటే 50 రెట్లకు మించి కనిపించింది. రోగనిరోధక కణాలకూ గుండెపోటుకూ ఉన్న సంబంధానికి ఇంతకంటే గట్టి హెచ్చరిక ఏం కావాలి?

అమ్మమ్మ వారానికి ఒకసారి, ఆదివారం, మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే క్యాలెండర్లో ఆదివారం గడికి సున్నా చుట్టే పని నాది. ఆ మాత్ర వెనక ఒక తెలుగు పేరుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చదువుకోసం బోస్టన్ వెళ్ళారు. తరవాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని పని అడ్డుకునే మందుల్ని కూడా ఆ ప్రయోగశాలే తయారుచేసింది. రక్తక్యాన్సర్ పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ మొదట వాడిన అమినోప్టెరిన్ అందులో ఒకటి, మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, గుండెపోటుతో పోయారు.

మంట ఆర్పితే గుండె బాగుంటుందా?

వాపు నిజంగా కారణమైతే, కొలెస్టరాల్ ముట్టుకోకుండా వాపు ఒక్కటే తగ్గించినా గుండెపోట్లు తగ్గాలి కదా. దీన్ని తేల్చడానికి బోస్టన్‌లోనే పాల్ రిడ్కర్ అనే డాక్టర్ రెండు పెద్ద పరీక్షలు నడిపారు.

మొదటిది కాంటోస్, 2017. గుండెపోటు వచ్చి తగ్గిన 10,061 మందిని తీసుకుని, కొందరికి కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. మాక్రోఫేజ్‌లు ఎక్కువగా విడిచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని అది పట్టేస్తుంది. ఎల్‌.డి.ఎల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. విర్‌హోవ్ మాట మనుషుల్లో రుజువైంది. కానీ ఇంకో సంగతీ బయటపడింది. ఆ మందు తీసుకున్నవాళ్ళలో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే దొంగకూ సందు దొరుకుతుంది.

రెండోది మన సుబ్బారావుగారి చుట్టం మీద. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళలో గుండెపోట్లు తక్కువున్నట్టు అంతకుముందు అధ్యయనాల్లో కనిపించింది. సరే అని, కీళ్ళవాతం లేని 4,786 మంది గుండెరోగులకు చిన్న మోతాదులో ఇచ్చి చూశారు. ఫలితం రాలేదు. ఆ మందు వాళ్ళలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను తగ్గించనేలేదు. అంటే ఏ మంటనైనా ఆర్పితే చాలదు, ధమని గోడలో రగిలే మంటనే ఆర్పాలి. కీళ్ళకు ఆ మాత్ర చేసే మేలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అమ్మమ్మకు ఈ భాగం రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఇంకో మందు కొల్చిసిన్. మన వైపు పెరిగే అగ్నిశిఖ మొక్కలో అది ఉంటుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా అదే. మొక్క మొత్తం విషం, ఇంట్లో ప్రయోగం చేసేది కాదు. అందులోంచి తీసిన మందును అతి చిన్న మోతాదులో వాడితే, 2019, 2020లలో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో గుండె ప్రమాదాలు తగ్గాయి. 2023లో అమెరికా ప్రభుత్వం గుండెకోసం దానికి అనుమతిచ్చింది. 2024లో వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో మాత్రం గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టినవాళ్ళకు లాభం కనిపించలేదు. కథ ఇంకా నడుస్తూనే ఉంది.

మనం చెయ్యగలిగింది

ఇదంతా చదివి "అయితే కొలెస్టరాల్‌ది తప్పేం లేదన్నమాట" అనుకోవద్దు. కాపలా కణాల్ని గోడలోకి పిలిచేదే ఆ ఎల్‌.డి.ఎల్ మూట. వడ్డించడం తగ్గితే తినడమూ తగ్గుతుంది. కాబట్టి డాక్టర్ స్టాటిన్ మాత్ర రాసిస్తే, పక్కింటివాళ్ళు చెప్పారని ఆపేయకూడదు. బీపీ, షుగర్, సిగరెట్ పొగ, ట్రాఫిక్ పొగలోని సన్నని ధూళి, ఇవన్నీ లోపొరను గాయపరిచి మంటకు ఆజ్యం పోస్తాయి. నిద్ర చెడగొట్టిన ఎలుకల్లో మోనోసైట్లు ఎక్కువ తయారై ధమని మచ్చలు పెరిగాయని 2019లో ఒక పరిశోధన వచ్చింది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకునే హాస్టల్ అక్కలు ఇది రెండోసారి చదవండి.

ఆడవాళ్ళుగా మనం తెలుసుకోవాల్సినవి ఇంకో రెండు. ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజెన్ కొంత కాపాడుతుంది, ఆగాక ఆ అండ తగ్గుతుంది. రెండోది, ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీనొప్పితోపాటు, ఒక్కోసారి అది లేకుండా కూడా, ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వాంతి, ఎన్నడూ లేని నీరసంగా వస్తుంది. మన ఇళ్ళల్లో దాన్ని "గ్యాసు" అని సోడా తాగి పడుకుంటారు. అమ్మ ఆ మాట అంటే మీరు ఊరుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్ లాంటివి ఉంటే, తరవాతిసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఒక ప్రశ్న అడగండి: "ఈ జబ్బు వల్ల గుండెకు కూడా ఏమైనా చూసుకోవాలా?" అడగడానికి అర నిమిషం చాలు. మా ఇంట్లో డాక్టరమ్మ అడగకుండానే చెప్పారు కాబట్టి, ఇప్పుడు అమ్మమ్మకు కొలెస్టరాల్ మాత్ర కూడా రోజూ రాత్రి ఉంది. దానికి క్యాలెండర్లో సున్నా అక్కర్లేదు.

ఇన్‌ఫ్లమేషన్‌కు మంటా వాపూ రెండూ కలిసిన మంచి తెలుగు మాట, అమ్మమ్మలకు కూడా అర్థమయ్యేది, మీకెవరికైనా తోస్తే ఈ కాగితం కింద ఖాళీలో రాసి వెళ్ళండి. పెన్సిల్ దారంతో కట్టి ఉంది.